గడ్డం కింద మీటరు

కోడలు తన ఫోన్ నా చేతిలో పెట్టింది. అందులో అన్నయ్య ఉన్నాడు. మీద కప్పిన పంచె తెల్లగా, మడతలతో సహా చక్కగా వచ్చింది. దాని సన్నటి జరీ అంచు కూడా తెలుస్తోంది. బంతిపూలు బంతిపూలలాగే ఉన్నాయి. ఆయన ఇంటి వరండా అవతల ఆకాశంలో మబ్బు ఎక్కడ చిక్కగా ఉందో ఎక్కడ పలచగా ఉందో కూడా కనిపిస్తోంది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం నల్లటి ముద్ద ఒకటి ఉంది.

"మళ్ళీ తీస్తానత్తయ్యా," అంది కోడలు. "మనుషుల్ని తీసేటప్పుడు ముఖం చుట్టూ గడి ఒకటి వస్తాది. దాన్ని బట్టి వెలుతురు అదే సరిచేసుకుంటాది. అంకుల్‌కి ఆ గడి రావట్లేదు."

గడ్డం కిందనుంచి నడినెత్తి మీదికి గుడ్డ పేలిక కట్టి ఉంది. ముక్కుల్లో దూది. కళ్ళు మూసి ఉన్నాయి. ఫోనుకి అది ముఖంలాగా అనిపించలేదు.  

ఆ ఫోటో వెళ్ళాల్సింది మా దీవుల్లో దక్షిణం చివరనున్న క్యాంప్‌బెల్ బేకి. ఆయన ఒక్కగానొక్క కూతురు అక్కడ నర్సు. సముద్రం బాగాలేక ఓడ కదల్లేదు. గాలివానకి హెలికాప్టర్ లేవలేదు. వీడియో కాల్ పెట్టి చూశాం. నాన్న సగం, వరండా స్తంభం సగం, ముక్కలు ముక్కలుగా వచ్చి అక్కడే బిగుసుకుపోయింది. చివరికి ఆ పిల్లే అంది: "వద్దత్తా, ఇది చూడలేను. ఒక్క ఫోటో పంపండి. నాన్న ముఖం తెలిసేలాగ ఉంటే చాలు."

రంగత్ నుంచి ఆయన అన్న కొడుకు మధ్యాహ్నం బస్సులో దిగాడు. కొరివి పెట్టేది అతనే. ఐసు కరిగి చాప కిందినుంచి గుమ్మంలోకి పారుతోంది. మగవాళ్ళు బయట వెదుళ్ళు కడుతున్నారు. ఆయన్ని ఎత్తేలోగా ముఖం తెలిసే ఫోటో ఒకటి కావాలి. చూస్తే మూడు దాటింది. మా దగ్గర మూడు దాటిందంటే వెలుతురు సామాను సర్దుకుంటున్నట్టే.

ఈ మాట కూడా ఆయనదే. "గడియారం మెయిన్‌ల్యాండ్‌ది చెల్లెమ్మా, వెలుతురు మనది," అనేవాడు. మా దీవుల్లో నాలుగూ నాలుగున్నరకే తెల్లారిపోతుంది, సాయంత్రం ఐదున్నరకి దీపం పెట్టేస్తాం. గడియారం మాత్రం ఢిల్లీవాళ్ళదే. మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా దిగిన ఫోటోగ్రాఫర్లు అక్కడి అలవాటుకొద్దీ, ఎండ తగ్గి వెలుతురు మెత్తబడేది ఐదింటికే కదా అని, పెళ్ళికూతుర్ని ఐదింటికి పెరట్లోకి తీసుకురమ్మనేవాళ్ళు. వాళ్ళు కెమెరా సర్దుకునేలోపు పిల్ల ముఖం నీలంగా మారిపోయేది. వాళ్ళు పెట్టె విప్పుతుంటే ఈయన గోడకి ఆనుకుని నిలబడి చూసేవాడు. నవ్వేవాడు కాదు. "భయ్యా, మూడున్నరకే అయిపోవాలి ఇక్కడ," అని ఒక్కసారి చెప్పేవాడు. వింటే విన్నారు, లేకపోతే లేదు.

డైరీ ఫార్మ్ పేటలో మా ఇంటి ముందుగదే ఆయన స్టూడియో. మా ఆయనకి స్నేహితుడు, నన్ను చెల్లెమ్మా అనేవాడు కాబట్టి నాకు అన్నయ్య. వీధిలో అందరికీ మీటర్ భయ్యా. భార్య తొందరగా పోయింది. కూతురు స్టూడియోలో ఫోటోలు కడిగే ఎరుపు లైటు గదికీ నా వంటింటికీ మధ్య తిరుగుతూ పెరిగింది. ఆయన గురించి ఇంతకుమించి పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియవు. తెలిసినవి వేరే ఉన్నాయి.

మెడలో నల్లదారం. దారానికి వెలుతురు కొలిచే మీటరు. అరచేతిలో పట్టేంత పెట్టె, దాని నెత్తిమీద పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి అంటించినట్టు తెల్లటి బుడిపె, లోపల వణికే ముల్లు. బ్యాటరీ లేదు దానికి. "దీని తిండి వెలుతురే," అనేవాడు. కెమెరా ఎక్కడైనా మరిచిపోయేవాడేమో గానీ మీటరు మరిచిపోయి గడప దాటడం నేను చూడలేదు. స్నానానికి వెళ్ళేటప్పుడు తీసి కిటికీలో పెట్టేవాడు. మా అబ్బాయి చిన్నప్పుడు అది తాయెత్తు అనుకున్నాడు.

ఫోటోకి కూర్చున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆ తెల్ల బుడిపె కెమెరా వైపు తిరిగేలా వాళ్ళ గడ్డం కింద పట్టేవాడు. పట్టేముందు ప్రతివాళ్ళతోనూ ఒకటే మాట, "కొంచెం ఓర్చుకోండి." నొప్పేమీ ఉండదు దాంట్లో. అయినా అదే మాట. చౌల్దారీ ఊరి నుంచి ఒక ముసలమ్మ పెన్షను ఫోటోకి వచ్చింది. గడ్డం కింద మీటరు పెట్టగానే నోరు తెరిచి నాలుక బయటపెట్టింది. ఆయన నాలుక వంక చూసి, ముల్లు వంక చూసి, "నాలుక అక్కర్లేదమ్మా, వెలుతురు సూస్తన్నాను," అన్నాడు. ఆవిడ నాలుక లోపలికి తీసుకుని, "జ్వరం లేదు కదా నాయనా?" అని అడిగింది. "లేదమ్మా, బాగుంది," అన్నాడు. ఆవిడ చాలా సంతోషపడి వెళ్ళింది.

మా ఆయన హార్బరు నుంచి వచ్చి సైకిల్ గోడకి ఆనించగానే ముందుగదిలోకి తొంగిచూసి, "ఏటి బావా, ఈవేళ వెలుతురు బజారు ధర ఎంత?" అనేవారు. ఈయన గుమ్మంలోకి వచ్చి, మీటరు ఎత్తి, "పదకొండుండేది. మబ్బట్టింది, ఎనిమిదికి పడిపోనాది," అనేవాడు. ఇద్దరూ నిజంగా చేపల ధర మాట్లాడుకుంటున్నట్టే ఉండేది. ఆ అంకెలు నాకు అప్పట్లో అర్థమయ్యేవి కావు. ఐదో తరగతితో బడి ఆగిపోయినదాన్ని. కానీ రోజూ వింటే ఏదైనా అంటుకుంటుంది. పదకొండంటే బట్టలు మధ్యాహ్నానికి ఆరతాయి. ఎనిమిదంటే తాడు మీదే ఉంచాలి. నాలుగంటే లోపల వేసుకోవాలి. నా లెక్క అది.

ఒకసారి వీధి కుర్రాళ్ళు ఆయన్ని ఆటపట్టించారు. "మీటర్ భయ్యా, కెమెరాలోనే మీటర్ ఉంటది కదా అబ్, మెడలో ఆ బుడిపె కిస్ లియే, దేనికి?" అని. ఆయన వాళ్ళకేమీ చెప్పలేదు. నేరుగా నా వంటింట్లోకి వచ్చి, నాతో చెప్పాడు.

"కెమెరాలో మీటరుకి లోకమంతా బూడిద రంగే చెల్లెమ్మా. తెల్లావుని సూపిస్తే బూడిదావు చేసి ఇస్తాది. నల్ల గేదెని సూపిస్తే బూడిద గేదెని చేస్తాది. దానికి తెలిసింది అదొక్కటే. ఎంచేతంటే అది మనిషి దగ్గర్నుంచి తిరిగొచ్చే వెలుతురు కొలుస్తాది. నల్లటోడు తక్కువిస్తాడు, తెల్లటోడు ఎక్కువిస్తాడు. నేనలా అడగను. మనిషి మీద ఎంత పడతందో అదే కొలుస్తాను. అది అందరికీ ఒకటే."

నేను పులుసులో గరిటె తిప్పుతూ ఊఁ అన్నాను. ఆయనకి అది చాలు. కానీ ఆ రోజునుంచి ఎవరైనా నల్లటి మనిషి తెల్ల బట్టల్లో మా స్టూడియోకి వస్తే నేను వంటింటి గుమ్మంలోంచి చూసేదాన్ని. ఫోటో కడిగి ఆరేశాక చూస్తే చొక్కా చొక్కాలాగే ఉండేది, మనిషి మనిషిలాగే ఉండేవాడు.

దీవుల్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అప్పట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఇక్కడ మనిషి పోతే, శ్రీకాకుళం వైపో విశాఖ వైపో ఉన్న చుట్టాలు ఓడెక్కి వచ్చేలోపు అన్నీ అయిపోతాయి. అందుకని శవాన్ని వరండాలోకి తెచ్చి, తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తు చేసి, చుట్టూ ఇంటివాళ్ళు కూర్చుని ఫోటో తీయించేవాళ్ళు. అది ఓడలో వెళ్ళేది. ఇక్కడ పెద్దకర్మ అయిపోయి మనం మళ్ళీ పనుల్లో పడిపోయాక, అక్కడ కవరు విప్పి అప్పుడు ఏడ్చేవాళ్ళు. చనిపోయింది ఆడమనిషైతే ఇంకొకటి కూడా ఉంది. పుట్టింటివాళ్ళ చీర కప్పాలి. వాళ్ళు రాలేరు కాబట్టి వాళ్ళ పేరు చెప్పి ఇక్కడే కొని కప్పుతారు. ఆ చీర కప్పినట్టు ఫోటోలో వాళ్ళకి కనబడాలి.

అలాంటి ఇళ్ళకి మా వైపు అందరూ పిలిచేది ఈయన్నే. చెప్పులు వీధిలోనే విడిచి, కాళ్ళు కడుక్కుని వచ్చేవాడు. పోయినవాళ్ళ గడ్డం కింద మీటరు పెట్టేవాడు. పెట్టేముందు వాళ్ళతో కూడా అదే, "కొంచెం ఓర్చుకోండి." మొదటిసారి విన్నప్పుడు ఎవరితో అన్నాడా అని వెనక్కి తిరిగి చూశాను. తర్వాత అలవాటైపోయింది.

అప్పుడు ఫిల్ము రోజులు. నూరు నంబరు రోలు వేసుకుని మీటరుకి మాత్రం అరవై నాలుగని చెప్పేవాడు. చిన్న అబద్ధం. ఆ నంబరు ఫిల్ము ఎంత చురుగ్గా వెలుతురు పడుతుందో చెబుతుంది; తక్కువ చెబితే మీటరు ఇంకాస్త వెలుతురు ఇవ్వమంటుంది. "ఫిల్ముని ఆకలితో పెట్టకూడదమ్మా. ఎంత పోస్తే అంత తాగుతాది. తక్కువ పోస్తే మాత్రం నీడల్లో ఏమీ ఉండదు, కాళీ. ముఖంలో కళ్ళ గుంటలు కాళీగా వస్తే అక్కడ ఆ తల్లికి ఏటి సెప్తాం?" అనేవాడు. కొంచెం ఎక్కువే పోసేవాడు. ఇంటి ముందు కుండలో మొక్కకి పోసినట్టు. మట్టి తాగేసేది.

డిజిటల్ కెమెరా వచ్చింది. కూతురు మొదటి ఉద్యోగంలో చేరి కొనిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నూరు దగ్గర పెట్టి, మీటరు కూడా నూరు దగ్గర పెట్టి, మర్నాడు నా దగ్గరికి వచ్చి పళ్ళెం నిండా బూడిద అడిగాడు. నా కట్టెల పొయ్యిలోది. జల్లించి ఇమ్మన్నాడు. పళ్ళెంలో సమంగా పరిచి, వరండాలో పెట్టి, పాత కెమెరాతో ఒకటి, కొత్తదానితో ఒకటి, మీటరుతో ఒకటి చూశాడు. రోజంతా అదే పని. కాకులు వచ్చి ఏముందోనని చూసి పోయాయి. మా ఆయన, "బావా, అస్థికలా ఏటి?" అని నవ్వారు.

సాయంత్రం చెప్పాడు. ఫిల్ము మీద రాసిన నూరూ, దీని మీద రాసిన నూరూ ఒకే నూరు కాదట. ఫిల్ము నంబరు చీకటి వైపునుంచి కొలిచి పెడతారట, ఎంత తక్కువ వెలుతురుకి నీడలో మొదటి చార పడుతుందో చూసి. దీనికి అలా కాదట, ఎంత వెలుతురు పడితే బొమ్మ ఎంత తెల్లగా రావాలో కంపెనీవాళ్ళే ఒకటి అనుకుని దాన్ని బట్టి నంబరు పెడతారట. ఒక కంపెనీ నూరు ఇంకో కంపెనీకి నూరు కానక్కర్లేదట. "ఒక్క పేరుతో ఇద్దరు మనుషులు," అన్నాడు. కొత్త కెమెరా చూపించి, "ఇది మట్టి కుండ కాదు చెల్లెమ్మా. గాజు గ్లాసు. అంచు దాకా పట్టుద్ది. దాటిందా, బయటికి. మళ్ళీ ఎత్తడానికి లేదు," అన్నాడు.

ఆయనకి తెలుసు. తెలియక కాదు. కానీ చేతికి అన్నాళ్ళ అలవాటు.

మా ఆయన పోయింది మిట్టమధ్యాహ్నం. వాన వెలిసి ఎండ కాసింది, ఆకుల మీదనుంచి, రేకుల మీదనుంచి తెల్లగా కొడుతోంది. పెరట్లో పడుకోబెట్టారు. మీద తెల్లటి కొత్త పంచె. నేను గుమ్మం పక్కన కూర్చుని ఉన్నాను. అన్నయ్య వచ్చి, కాళ్ళు కడుక్కుని, గడ్డం కింద మీటరు పెట్టి, "కొంచెం ఓర్చుకో బావా," అన్నాడు. ఆ మాటకి అందరూ ఏడ్చారు. నాకు రాలేదు. మీటరు ముల్లు ఎటు ఉందో చూశాను. పదకొండు దాటి ఉంది. ఈవేళ బట్టలు ఆరతాయి అనుకున్నాను. మనసు అలాంటి పనులు చేస్తుంది.

పెద్దకర్మ అయ్యాక ఫోటో తెచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తెలుపు పోయింది చెల్లెమ్మా," అన్నాడు. "ముఖానికని కొంచెం ఎక్కువ పోశాను. ఫిల్ము అలవాటు. గుడ్డ మొత్తం కాలిపోనాది."

చూశాను. మా ఆయన ముఖం ఉంది. ముక్కు పక్కన పుట్టుమచ్చ, గడ్డం మీద ఆ ముందురోజు గీసుకున్నప్పుడు తెగిన గాటు, కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే గీత, అన్నీ ఉన్నాయి. మెడ దగ్గరనుంచి కిందికి ఏమీ లేదు. కాగితమే. తెల్ల కాగితం మీద ముఖమొక్కటి పెట్టినట్టు ఉంది.

"ముఖం కావాలా, గుడ్డ కావాలా అని ముందే అడగాల్సింది. అడగలేదు."

"అడిగినా ముఖమే అనేదాన్ని అన్నయ్యా."

ఆయన ఫోటో మీద ఆ తెల్లటి చోట వేలు పెట్టాడు. "ఇక్కడేటుంది?" అని అడిగాడు. మొదట నాకర్థం కాలేదు. తర్వాత చెప్పాను. పంచెకి ఎర్రటి అంచు ఉంది, నీటి అల లాగా, ఛాతీ దగ్గర చేతులు కలిపి పెట్టాం, వేళ్ళకి దారం కట్టాం, అని. "ఇంకా?" అన్నాడు. తులసి దండ ఎడమవైపు జారింది, మా అబ్బాయి సరిచేయబోతే వద్దన్నాను, అన్నాను. "ఇంకా?" పాదాల దగ్గర చీమలు పట్టాయి, వాటిని విదిలించాను. ఆయన తల ఊపుతూ వింటున్నాడు. గుర్తుపెట్టుకుంటున్నట్టు, ఆ ఖాళీలో ఒక్కొక్కటే పెడుతున్నట్టు. అయ్యాక ఫోటో నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. అది ఇప్పటికీ మా గోడ మీద ఉంది. చూసినవాళ్ళు పాడైపోయిందంటారు. నాకు అందులో అంచు కనిపిస్తుంది.

ఆ తర్వాత ఆయనకి కొత్త అలవాటు పట్టుకుంది. ఎవరింట్లో పోయినా, కెమెరా తీసేముందు ఇంటిపెద్దని పక్కకి పిలిచి, ముఖం కావాలా, కప్పిన గుడ్డ కావాలా అని అడిగేవాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఏం చెబుతారు. రెండూ అనేవాళ్ళు. "ఫిల్ము అయితే రెండూ ఇద్దును. దీంట్లో ఒకటి సెప్పండి," అనేవాడు. కొందరు విసుక్కునేవాళ్ళు. ఒకాయనైతే, "పాగల్ హై క్యా మీటర్ భయ్యా, ఇదా టైమ్?" అన్నాడు. అయినా అడగడం మానలేదు. అందరూ చివరికి ముఖమే అనేవాళ్ళు. చౌల్దారీలో ఒక్క పెద్దాయన మాత్రం చీర అన్నాడు. పోయింది ఆయన భార్య. "దాని ముఖం దానివాళ్ళకి తెల్సు బాబూ. చీర కప్పామా లేదా అన్నదే వాళ్ళకి బెంగ," అన్నాడట. ఈయన అలాగే తీశాడు. చీరలో పోగు పోగూ వచ్చింది, ముఖం నీడలో మునిగిపోయింది. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు. "అడిగింది నేనే కదా చెల్లెమ్మా. అడిగాక ఇవ్వాలి కదా," అన్నాడు.

కళ్ళకి శుక్లాలు తీయించుకుని వచ్చినప్పుడు మా వాకిట్లో నిలబడి చాలాసేపు ఇల్లంతా చూశాడు. "ఒక స్టాపు పెరిగింది, వెలుతురు రెట్టింపు," అన్నాడు. "ఇన్నాళ్ళూ మీ ఇల్లు పసుపనుకున్నాను." పసుపు ఎప్పుడు వేయించాం అన్నయ్యా, సున్నమే కదా అన్నాను. సిగ్గుపడ్డాడు. మీటరుకి కూడా వయసొచ్చింది. ముల్లు ముందులాగ లేచేది కాదు. ఎంత తక్కువ చూపిస్తుందో అంత మనసులో కలుపుకునేవాడు. మేమిద్దరం కలిసి ముసలోళ్ళమౌతున్నాం అనేవాడు, దాని గురించే. ఇళ్ళల్లో ఫోన్లు వచ్చాక ఎవరూ పిలవడం మానేశారు. ముందుగది ఖాళీ చేశాడు, పక్క సందులోని తన ఇంట్లో ఉండేవాడు. రోజూ సాయంత్రం మూడింటికి మాత్రం వచ్చి మా వరండాలో కూర్చుని, మీటరు ఎత్తి చూసి, ఆ రోజు అంకె చెప్పి, టీ తాగి వెళ్ళేవాడు. నిన్న రాలేదు. వాన కదా అనుకున్నాను.

"అత్తయ్యా," అంది కోడలు. "తొందరగా తీయాలి."

నేను లేచి ఆయన గదిలోకి వెళ్ళాను. మీటరు మేకుకి వేలాడుతోంది. గది చీకటిగా ఉంది, ముల్లు కింద పడుకుని ఉంది. దాన్ని వరండాలోకి తెస్తుంటే గుమ్మం దాటగానే ముల్లు కొంచెం లేచింది. ఆ వరండాలో కదిలింది అదొక్కటే.

ఆయన తల దగ్గర కూర్చున్నాను. తెల్ల బుడిపె కోడలి వైపు తిప్పి గడ్డం కింద పట్టాను. పేలిక ముడి నా వేళ్ళకి తగిలింది.

"కొంచెం ఓర్చుకో అన్నయ్యా," అన్నాను.

అంకె నాలుగు దగ్గరుంది. దాని వయసు కలుపుకుంటే ఐదున్నర. అది కోడలి ఫోనుకి ఎందుకూ పనికిరాదని నాకు తెలుసు. కోడలు అయ్యేదాకా ఆగింది.

"ఫోన్లో ముఖం మీద వేలు పెడితే అక్కడి వెలుతురే చూసుకుంటుందన్నావు కదా ఎప్పుడో, మనవరాలి పుట్టినరోజుకి."

"పెట్టొచ్చు. పెట్టి పైకి జరిపితే వెలుతురు పెరుగుద్ది కూడా. కానీ వెనకాల ఆకాశం ఉంది, పంచె ఉంది. తెలుపంతా పోద్దత్తయ్యా. కనిపించదు."

"పోనీ."

వేలు పెట్టింది. పైకి జరిపింది. నేను పక్కనుంచి చూస్తున్నాను. నల్లటి ముద్దలోంచి నుదురు వచ్చింది. తర్వాత బుగ్గ ఎముకలు. తర్వాత ఎడమ కనుబొమలో ఎప్పటిదో ఫోటోలు కడిగే మందు చిందిన మచ్చ, వెంట్రుక మొలవని చోటు. పెదవులు వచ్చాయి. అటు ఆకాశం పోయింది, పంచె మడతలు పోయాయి, పూల పసుపు పలచబడింది. ఆపమన్నాను. ఆపింది. తీసింది.

"మొదటిది కూడా పంపనా? దాంట్లో పంచె బాగుంది."

దాంట్లో ముఖం చూస్తే నాన్నకేమైందోనని ఆ పిల్ల అక్కడ ఒక్కతే కూర్చుని ఏదేదో అనుకుంటుంది. వద్దన్నాను. ఒక్కటే పంపింది. ఫోటో మీద గుండ్రటి గీత చాలాసేపు తిరిగింది. అన్న కొడుకు గుమ్మంలోకి వచ్చి, "పిన్నీ, ఎత్తుదామా?" అని అడిగాడు. ఒక్క నిమిషం ఉండమన్నాను. తర్వాత ఫోటో వెళ్ళినట్టు ఫోన్లో టిక్కు పడింది.

ఫోన్ మోగింది. మాట మాత్రమే, బొమ్మ లేదు.

"వచ్చిందత్తా," అంది ఆ పిల్ల. "నాన్న కనిపించాడు."  అటువైపు వాన చప్పుడు. "బోడి మచ్చ కూడా తెలుస్తోంది." ఆ కనుబొమ మచ్చని ఆ పిల్ల చిన్నప్పటినుంచి అలాగే అనేది.

ఊఁ అన్నాను.

"ఒళ్ళంతా తెల్లగా వచ్చింది. ఏమీ కనబడట్లేదు. అది నేను ఉగాదికి పంపిన పంచేనా?"

"అదేనమ్మా. నువ్వొచ్చాక కట్టుకుంటానని పెట్టెలో దాచుకున్నాడు. తీసి కప్పాం."

"అంచు కనబడట్లేదత్తా."

"ఉంది. సన్నగా, జరీది. మెడ దగ్గర మడత పడితే ఇందాకే సరిచేశాను."

బయట మగవాళ్ళు కట్టడం అయిపోయి ఆగారు. అన్న కొడుకు నా వైపు చూస్తున్నాడు. మీటరు ఇంకా నా చేతిలోనే ఉంది. ముల్లు మెల్లగా దిగుతోంది.

"ఇంకా?" అంది ఆ పిల్ల.

కుడి భుజం పక్కన బంతిపూలు ఉన్నాయమ్మా, మన పెరట్లోవే, అని మొదలుపెట్టాను.